ఎందుకమ్ముతాండావప్పా

గొర్రె బాగోగుల గురించి హొన్నూరప్ప చెయ్యి చెప్పినంత కచ్చితంగా పశువుల డాక్టరు కూడా చెప్పలేడని వల్లూరు చుట్టుపక్కల ఒక పేరుండేది. ఆ పేరు ఉత్తపుణ్యానికి రాలేదు. ముప్పై ఏళ్ళు మంద వెంట ఎండనకా వాననకా తిరిగినవాడు. సంతలో గొర్రె నడుం మీద బొటనవేలితో నొక్కి, కంటి రెప్ప తిప్పి చూసి, "తోలుకో" అన్నాడంటే కళ్ళు మూసుకుని కొనేవాళ్ళు. "వద్దు" అన్నాడంటే ఊరికే ఇస్తామన్నా ముట్టుకునేవాళ్ళు కాదు. అలాంటి మనిషి యాభై ఆరేళ్ళ వయసులో సోలార్ ప్యానెళ్ళ వరసల మధ్య నీళ్ళ పైపు పట్టుకుని నిలబడి, అరచేతిలో ఫోను చూసుకుంటూ గజగజ వణికాడంటే నమ్మేవాళ్ళు ఎవరు? కానీ వణికాడు. ఎందుకు వణికాడో మొదటినుంచీ చెప్పుకోవాలి.

వాళ్ళ ఇంట్లో తాతల నాటి పద్ధతి ఒకటుంది. గొర్రెను కొనేముందు కొనేవాడు అమ్మేవాణ్ణి ఒక్క మాట అడగాలి, "ఎందుకమ్ముతాండావప్పా?" అని. అమ్మేవాడు ఆ గొర్రె వీపు మీది బొచ్చు గుప్పిట్లో పట్టుకుని జవాబు చెప్పాలి. బొచ్చు పట్టుకుని అబద్ధమాడినవాడి దొడ్లో మంద నిలవదని వాళ్ళ నమ్మకం. ఒకసారి హొన్నూరప్ప దగ్గు పట్టిన గొర్రెను సంతకు తోలుకుపోయాడు. కొనేవాడు అడిగాడు. ఈయన బొచ్చు పట్టుకుని, "దగ్గుతాండాది, అందుకే" అన్నాడు. సగం ధర కూడా రాలేదు. ఇంటికొచ్చాక భార్య దాసమ్మ, "ఆ ఒక్క ముక్క మింగింటే నీ గొంతేం పోయుండునయ్యా" అని సణిగింది గానీ, ఆ సంగతి ఊళ్ళో పదిమందికి చెప్పుకుని మురిసింది కూడా ఆవిడే.

తర్వాత వల్లూరు మీదికి సోలార్ పార్కు వచ్చింది. వేరుశెనగ చేలు, బీళ్ళు అన్నీ కౌలుకు పోయాయి. గొర్రె మేసే చోట గాజు పరుచుకుంది. మేత లేని మందను బతికించలేక హొన్నూరప్ప అరవై గొర్రెల్నీ ఒకే వారంలో అమ్మేశాడు. ఆ మంద బొచ్చుతో నేయించిన నల్ల కంబళి ఒక్కటే ఆయన భుజాన మిగిలింది. అమ్మగా వచ్చిన నాలుగు లక్షలు తెచ్చి దాసమ్మ ముందు పెడితే, ఆవిడ ముట్టుకోలేదు. "ఇవి గొర్రెల దుడ్లు. గొర్రెలకే పోవాల. యాడన్నా మేత దొరికేదాకా బ్యాంకులో పెట్టు" అంది. ఆయన అలాగే పెట్టాడు. తెల్లవారకముందే లేచి ప్యానెళ్ళు కడిగే పనిలో చేరాడు.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. మనిషి ఆగడు కదా.

పార్కులో పాత ప్యానెళ్ళ స్థానంలో బిగించడానికి కొత్తవి అట్టపెట్టెల్లో వచ్చాయి. పెట్టెల మీద తేజోమిత్ర సోలార్ గ్లాస్ అని రాసి ఉంది. హొన్నూరప్ప చెల్లెలి కొడుకు యోగీశ్ పావగడలో సెల్‌ఫోన్ల అంగడి నడుపుతాడు. వాడు ఆ పేరు విని, "మామా, ఈ కంపెనీ షేరు మార్కెట్లో ఉండాది. అరవై రెండు రూపాయలు. నువ్వు రోజూ కడిగే గాజులో నీకూ భాగం వస్తాది" అన్నాడు. ఆ మాట ఆయన గుండెకు సూటిగా తగిలింది. తన నేల మీద పరిచిన గాజులో తనకూ భాగం. యోగీశ్ ఫోన్లోనే ఖాతా తెరిచాడు, కొనడం, అమ్మడం నేర్పాడు. మొదట బ్యాంకులోని గొర్రెల డబ్బు తీసి రెండువేల షేర్లు కొన్నారు. అవి డెబ్బై ఎనిమిదికి ఎక్కాయి. ఇక హొన్నూరప్ప కాళ్ళు నేల మీద నిలవలేదు.

పని అయ్యాక సాయంత్రం ఆయన అరుగు మీద జనం చేరడం మొదలైంది. వాళ్ళలో రోజూ వచ్చేవాడు, తోడు పనివాడు చిన్నరంగప్ప. నాలుగు గడపల అవతల ఇల్లు, నోట్లో నాలుక లేని మనిషి.

"షేరంటే ఏందన్నా అసలు?" అని అడిగాడొకడు ఒక పూట.

"గొర్రెలో కాలు కొన్నట్టురా. గొర్రె పెరిగితే కాలూ పెరుగుతాది."

"ఉన్న దుడ్లంతా పెట్టాల్నా, కొంచెమే పెట్టాల్నా?"

"గుండె ఎంత చెబితే అంత."

"ఒకటే కంపెనీవా, నాలుగు కంపెనీలవా కొనేది?"

"నాలుగు జాతుల గొర్రెల్ని ఒక మందలో కలిపితే కాపరికి తిక్క పడతాది. ఒకటే జాతి, ఒకటే మంద."

ఈ జవాబు చెప్పిన మనిషే, జబ్బుల కాలం వస్తే మందను రెండుగా చీల్చి, సగాన్ని నిడుగల్లు కొండ కింద బోరన్న దొడ్లో విడిచిపెట్టేవాడు. ఒక దొడ్లో జబ్బు సోకితే రెండో దొడ్డి మిగలాలని. ఆ సంగతి ఆ పూట ఆయనకు గుర్తు రాలేదు. ఎదురుగా నలుగురు నోరు తెరుచుకుని వింటుంటే గుర్తొచ్చినా చెప్పేవాడు కాదేమో.

"మరి ధర పడితే ఏం చేయాలన్నా?"

"కరువులో బక్క గొర్రెను ఎవురు కొంటారు? తెలిసినోడు కొంటాడు. వాన పడినాక అదే రెండింతలకు పోతాది. పడినప్పుడే కొనాల."

చిన్నరంగప్ప తల గోక్కుంటూ అడిగాడు. "అంతా బాగుండాది గానీ అన్నా, అమ్మేటోణ్ణి ఎందుకమ్ముతాండావని అడిగేది యాడ?"

అందరూ నవ్వారు. హొన్నూరప్ప కూడా నవ్వాడు. "ఫోన్లో మనిషి కనపడడురా. ఆ తంటా లేదు. ఇచ్చేటోడు ఇస్తాడు, తీసుకునేటోడు తీసుకుంటాడు."

గడప లోపల దాసమ్మ రాగులు చెరుగుతూ ఇవన్నీ వినేది. మొగుడు కూలి డబ్బుల్లో ఏదో కొంచెం పెట్టి ఆడుకుంటున్నాడనుకుంది. గొర్రెల డబ్బు బ్యాంకులో ఫిక్సెడ్‌లో ఉందని ఆయన చెప్పాడు, ఆవిడ నమ్మింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన చెప్పింది నమ్మకపోవడానికి ఆవిడకు ఎప్పుడూ కారణం దొరకలేదు.

షేరు యాభైకి పడింది. హొన్నూరప్ప భయపడలేదు. బక్క గొర్రె అనుకున్నాడు, ఇంకో మూడువేల షేర్లు కొన్నాడు. నలభై ఒకటికి పడింది. ఈసారి కొంచెం గుండె కొట్టుకుంది, అయినా ఇంకో మూడువేలు కొన్నాడు. దానితో గొర్రెల డబ్బు మొత్తం అందులోకి పోయింది. బక్క గొర్రెను ఆయన కొనేది రెప్ప తిప్పి చూసి. లోపల ఎర్రగా ఉంటే ఆకలి, తెల్లగా పాలిపోయి ఉంటే కడుపులో పురుగు. ఆకలి గొర్రెకు వాన చాలు, పురుగు గొర్రెకు ఎంత వాన పడినా లాభం లేదు. ఈ కంపెనీకి రెప్ప ఎక్కడుందో, దాన్ని ఎలా తిప్పాలో ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

పురుగు బయటపడింది ఒక బుధవారం. యోగీశ్ ఫోను చేశాడు. గొంతు చిన్నదైపోయింది.

"మామా, కంపెనీ లెక్కలు చూసే ఆడిటరు రాజీనామా చేసినాడంట. ఫ్యాక్టరీ మూసి మూడు నెలలైందంట. మనకిప్పుడు తెలిసింది."

"అయితే అమ్మేద్దాం."

"అమ్మేకి కుదిరేట్లు లేదు. రోజుకి వందకు ఐదు కంటే కిందికి దిగనీయరు. ఆడికి దిగినాక నిలిపేస్తారు. ఆ ధరకి అమ్మేటోళ్ళు వరసగా నిలబడి ఉండారు, కొనేటోడు ఒక్కడూ లేడు. కొనేటోడు వస్తేనే నీది పోయేది. ముందు నిలబడినోడిది ముందు పోతాది."

ఆ రోజు నుంచి హొన్నూరప్పకు అన్నం సహించలేదు. పొద్దున తొమ్మిదీ పావుకు మార్కెట్టు తెరుస్తారు. తెరిచిన మరుక్షణం ధర ఒక మెట్టు దిగి అక్కడే బిగుసుకుపోతుంది. మళ్ళీ మధ్యాహ్నం మూడున్నర దాకా కదలదు. మర్నాడు ఇంకో మెట్టు. ఫోన్లో అంతా ఎరుపే. గొర్రె కంట్లో వెతికి వెతికి చూసే ఎరుపును ఇప్పుడు చూడలేక ఫోను బోర్లించి పెట్టేవాడు. సంతలో గొర్రె అమ్ముడుపోకపోతే కనీసం ఇంటికి తోలుకు రావచ్చు. ఇది ఎక్కడుందో తెలియదు, కళ్ళ ముందే చస్తూ ఉంది, పట్టుకోవడానికి చెవి కూడా లేదు.

దాసమ్మ ఆయన ముఖం చూసి, పైత్యం చేసిందనుకుని జీలకర్ర కషాయం కాచి ఇచ్చింది. ఆయన గటగటా తాగేశాడు. చెప్పాలని నోరు తెరిచిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. చివరికి అడ్డం వచ్చింది బోరన్న ఫోను.

వారం తిరిగి మళ్ళీ బుధవారం పొద్దున, దాసమ్మ ఫోనుకే వచ్చింది. నిడుగల్లు బోరన్నకు తుంటి ఎముక అరిగింది, కొండ ఎక్కలేకపోతున్నాడు. ముప్పై గొర్రెలు అమ్ముతాడట. పరాయివాళ్ళకు ఇవ్వడం ఇష్టంలేక ముందు వీళ్ళనే అడుగుతున్నాడు. మేతకు మంగళవాడలో దాసమ్మ అన్న బీళ్ళు ఉన్నాయి. శనివారం తోలుకొస్తానన్నాడు.

ఫోను పెట్టేశాక దాసమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది. తర్వాత అటక ఎక్కి పాత మంద గంట తీసింది. చింతపండు పెట్టి తోమింది. వాకిట్లో కూలిన దొడ్డి కంపను తానే లాగి సరిచేసింది. ముళ్ళు గుచ్చుకుని చేతినిండా నెత్తురు, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"శుక్రవారం పోయి బ్యాంకులో తీసుకురాయ్యా. పొద్దున్నే పో. శనివారం రద్దీగా ఉంటాది" అంది.

"ఆఁ" అన్నాడు హొన్నూరప్ప. శుక్రవారానికి మధ్యలో ఒక్క రోజు ఉంది.

ఆ సాయంత్రం చిన్నరంగప్ప ఒక్కడే వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు. వాడు కూడా ఈయన మాట మీద ఆ షేర్లే కొన్నాడు. కూతురు నయన నర్సింగు చదువుకని దాచిన డబ్బు.

"అన్నా, నాకు నిద్ర పట్టలే. అమ్మేద్దామా? నువ్వు చెప్పు. నువ్వు ఎట్లంటే అట్ల."

హొన్నూరప్ప గడప వైపు చూశాడు. ఆ కొంచెం సేపట్లో ఆయన మనసులో ఏం తిరిగిందో దాచిపెట్టి లాభం లేదు. వీడిని అమ్మమంటే వీడూ వరసలో నిలబడతాడు. వీడు ఇంకో నలుగురికి చెబుతాడు, వాళ్ళూ నిలబడతారు. కొనేవాడు ఒక్కడు వచ్చినా తన వంతు దాకా రాడు. అదీకాక గడప లోపల రాగులు చెరిగే చప్పుడు ఆగిపోయింది. జబ్బుదని ఇక్కడ ఒప్పుకుంటే ఆ మాట నేరుగా లోపలికి పోతుంది. భయం మనిషిచేత ఎంత చక్కగా మాట్లాడిస్తుందో అప్పుడు చూడాలి. ఆయన గొంతు ఒక్కసారి కూడా వణకలేదు.

"ఏమి భయం రా నీకు? బక్క గొర్రె అది. ఇప్పుడు అమ్మేటోడు పిచ్చోడు. చేతిలో దుడ్లుంటే ఇప్పుడే కొనాల. నా కాడ ఉంటే నేనే కొందును."

చిన్నరంగప్ప ముఖంలోకి రక్తం వచ్చింది. "నువ్వు చెప్పినావంటే చాలన్నా" అని వెళ్ళిపోయాడు. లోపల చేట చప్పుడు మళ్ళీ మొదలైంది.

హొన్నూరప్ప పెరట్లోకి పోయాడు. దొడ్డి కంప చాటున కూర్చుని ఫోను తీశాడు. యోగీశ్ నేర్పిన ప్రకారం, ముందురోజే ఆర్డరు పెడితే తెల్లవారి వరసలో ముందు నిలబడుతుంది. ఎనిమిది వేలూ అమ్మకానికి పెట్టాడు. రెండుసార్లు తప్పు నొక్కాడు, మూడోసారికి సరిగ్గా పడింది. ఒకణ్ణి కూర్చోమని చెప్పి తాను లేచిపోయినవాడి సిగ్గు ఆయన్ను నిలువునా కాల్చింది. అయినా ఆర్డరు వెనక్కు తీసుకోలేదు.

గురువారం పొద్దున పనిలో ఆయన చెయ్యి పైపు మీద లేదు. ఎండ ఎక్కి గాజు వేడెక్కకముందే కడగడం ముగించాలి. ఆయన కడిగిన వరసనే మళ్ళీ కడిగాడు. చలికి కప్పుకున్న కంబళి నీళ్ళలో ఈడుస్తున్నా చూసుకోలేదు. తొమ్మిదీ పావు అయింది. ధర ఇరవై ఏడుకు దిగి బిగుసుకుంది. కొనేవాళ్ళు సున్నా. తొమ్మిదిన్నర, సున్నా. పది, సున్నా. శనివారం బోరన్న మందను తోలుకుని వాకిట్లోకి రావడం, దాసమ్మ ఎదురుపోవడం, తాను ఏ మూల నిలబడాలో తెలియకపోవడం, అదంతా ఆయనకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. గాజులో తన ముఖం కనిపిస్తే చూడలేక నీళ్ళు కొట్టాడు.

పదీ పన్నెండుకు ఫోను కదిలింది.

మూడువేలు అమ్ముడుపోయాయి.

మొదట నమ్మలేదు. ఫోను మూసి తెరిచాడు. నిజమే. మూడువేలు పోయాయి, ఐదువేలు మిగిలాయి. ఎనభై ఒక్క వేలు రేపటికి బ్యాంకులో పడతాయి. పోయిన ప్రాణం లేచివచ్చినట్టయింది. బోరన్నకు ఇది ముందు ఇచ్చి, మిగతాది తర్వాత ఇస్తానని కాళ్ళో గడ్డమో పట్టుకోవచ్చు. ఇల్లు ఇంకా ఇల్లుగానే ఉండవచ్చు. ఎవడో మహానుభావుడు కొన్నాడు, వాడు చల్లగా ఉండాలి అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం ఒళ్ళు జలదరించింది. కొన్నవాడు ఎవడు? నిన్న తాను కొనమని చెప్పింది ఒక్క చిన్నరంగప్పకే కదా.

పైపు వదిలేసి పక్క వరసలోకి పరుగున పోయాడు. "ఒరే, పొద్దున ఏమన్నా కొన్నావా నువ్వు?"

"దుడ్లు యాడివన్నా నాకు? ఉన్నవన్నీ పెట్టేస్తి కదా" అన్నాడు చిన్నరంగప్ప. "ఎందుకు, కొనాల్నా?"

"వద్దు. ఊరికే అడిగినా." హొన్నూరప్ప గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఎవడో బొంబాయివాడై ఉంటాడు. బొంబాయివాడైతే ఫరవాలేదని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. ఆ పద్ధతి, ఆ బొచ్చు, అవి ఎదురుగా నిలబడిన మనిషికే గానీ ఫోన్లోని మనిషికి కాదు కదా.

ఇంటికి వచ్చేసరికి తలుపు గొళ్ళెం పెట్టి ఉంది. దాసమ్మ మూడు గంటల బస్సుకు దిగింది, మంగళవాడ నుంచి. కొత్త చీర కట్టుకుంది. చేతిలో తోమిన గంటకు కట్టడానికి కొత్త తోలు పట్టీ, రవికలో మడిచిన కాగితం ఒకటి. ఆయన్ను చూసి నవ్వింది, పెళ్ళినాటి తర్వాత అంత దొంగనవ్వు ఆయన చూడలేదు.

"నీకొకటి చెప్పాల. కోపం చేసుకోకు. మా మంజుశ్రీ కాడికి పోయుంటి."

మంజుశ్రీ అంటే దాసమ్మ అన్న కూతురు. మంగళవాడలో ఆన్‌లైన్ సెంటరు నడుపుతుంది, పింఛన్లకూ పొలం పహణీ కాగితాలకూ ఊరంతా అక్కడికే పోతారు.

"పోయిన నెలనే ఆ పాప నాకూ ఖాతా తెరిచింది. నీకు తెలీకుండా చేద్దామని. పార్కుకిచ్చిన నా మూడెకరాల కౌలు దుడ్లు వచ్చినాయి కదా, అవి ఎత్తిపెట్టింటి. నిన్న నువ్వు చిన్నరంగప్పతో చెప్తాంటే విన్నా. చేతిలో దుడ్లుంటే ఇప్పుడే కొనాలన్నావు. నీ కాడ లేవు, నా కాడ ఉండాయి. సరే, మొగుడు చెయ్యిపెట్టిన గొర్రె కదా అని తీసుకున్నా. పెరిగినాక అమ్మి ఇంకో పది గొర్రెలు తెద్దాం."

కాగితం విప్పి ఆయన చేతికిచ్చింది. మంజుశ్రీ అచ్చువేసి ఇచ్చిన కాగితం. హొన్నూరప్పకు ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వస్తాయి. మూడువేలు. ఇరవై ఏడు. పది గంటల పన్నెండు నిమిషాలు.

ఫోను తీసి ఆ రోజు మొత్తం మీద ఎన్ని చేతులు మారాయో చూశాడు. అది ఎక్కడ చూపిస్తుందో యోగీశ్ నేర్పాడు. దేశం మొత్తంలో ఆ కంపెనీ షేర్లు ఆ రోజు మారినవి మూడువేలే. అమ్మింది ఒకడే, కొన్నది ఒకరే. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు.

అరుగు మీద కూలబడ్డాడు.

అప్పుడే ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనకే ఎక్కువ భయపడ్డాడు. ఆవిడకు తెలియదు. ఆవిడ దగ్గర తన పేరు లేని కాగితం ఉంది. రేపు ధర ఇంకా పడుతుంది, ఎల్లుండి ఇంకా పడుతుంది. తెలివి తక్కువై పోగొట్టుకున్నానని ఆవిడే ఏడుస్తుంది, ఆవిడే సిగ్గుపడుతుంది. తాను ఆవిడ డబ్బే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, ఇవిగో గొర్రెల దుడ్లు, మిగతావి ఫిక్సెడ్ గడువు తీరినాక వస్తాయి అనొచ్చు. పైగా ఓదార్చవచ్చు కూడా. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. నిన్న సాయంత్రం నోరు తెరిచి చేసిన పనికంటే ఇది ఎంతో సులువు.

దాసమ్మ పక్కన కూర్చుంది. ఆయన ముఖం చూసి ఆవిడ నవ్వు మెల్లగా తగ్గింది.

"ఏమయ్యా, తప్పు చేసినానా?" అంది. "కొన్నాక ఆ పాప ఒక మాట అన్నింది. అత్తా, అందరూ అమ్మేకి నిలబడి ఉండారు, నువ్వొక్కదానివే కొంటివి అని. అప్పుడు నాకు బుగులు పుట్టింది. బస్సులో అంతసేపూ అదే తలపు. సంతలో అయితే అడిగుందును, ఎందుకమ్ముతాండావప్పా అని. ఈడ ఎవుర్ని అడగాల? మనిషే లేకపాయె."

ఆవిడ చేతుల మీద దొడ్డి కంప గీతలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. కొత్త తోలు పట్టీ ఒడిలో ఉంది.

హొన్నూరప్ప భుజం మీది కంబళిని ఒడిలోకి లాక్కున్నాడు. పొద్దున నీళ్ళలో తడిసింది ఇంకా ఆరలేదు, గొర్రె వాసన వేస్తోంది. దాని బొచ్చును గుప్పిట్లోకి తీసుకున్నాడు. పిడికిలి బిగించాడు.

"అడుగు" అన్నాడు.

"ఏంది?"

"ఆ మాటే. నన్ను అడుగు."

దాసమ్మ ఆయన పిడికిలి వంక చూసింది. కాగితం వంక చూసింది. మళ్ళీ పిడికిలి వంక చూసింది. ముప్పై ఏళ్ళు ఆ పిడికిలిని సంతల్లో చూసిన మనిషికి వేరే చెప్పాల్సిన పనిలేదు. ఆవిడ ముఖంలో రంగు పోయింది. అరుగు మీద కొంచెం జరిగి దూరంగా కూర్చుంది, పరాయివాడి ఎదుట కూర్చున్నట్టు.

"ఎందుకమ్ముతాండావప్పా?" అని అడిగింది.

"జబ్బుదని తెలిసి" అన్నాడు హొన్నూరప్ప. "వారం కిందటే తెలిసింది. గొర్రెల దుడ్లంతా దాంట్లోనే ఉండాది. ఫిక్సెడ్‌లో ఏమీ లే. ఇంకా ఐదువేలు ఇరుక్కోనుండాయి. నువ్వు లోపల వింటాండావనే నిన్న అబద్ధం చెప్పినా."

దాసమ్మ ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకు కొంచెం ఊపిరాడేది. ఒడిలోని తోలు పట్టీని తీసి అరుగు మీద పెట్టింది. కాగితాన్ని మడత మీద మడత పెట్టి, ఇక మడవడానికి లేనంత చిన్నది చేసింది.

తర్వాత అడిగింది. "చిన్నరంగప్పకు చెప్పినావా?"

"లే."

"బోరన్నకు నేను చెప్తా. నువ్వు లెయ్. నయన చదువు దుడ్లవి. రేపు వరసలోనన్నా నిలబడతాడు."

హొన్నూరప్ప లేచాడు. పిడికిలిలోని బొచ్చు వదలబోతే దాసమ్మ వారించింది.

"అట్లే పట్టుకోని పో" అంది.

చిన్నరంగప్ప ఇల్లు నాలుగు గడపల అవతలే. అక్కడ అరుగు మీద వాడు కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. కంబళి పట్టుకుని వస్తున్న హొన్నూరప్పను దూరం నుంచే చూసి, "రా అన్నా" అని జరిగి చోటిచ్చాడు.